కురిడీ మోగని ఫోను

కొత్త ఫోను కొనే నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: అంబాజీపేట మార్కెట్టు వెనక సందులో ఒక కొబ్బరి గోడౌను, దాని మీద నేనుండే రెండు గదులు, నాన్న దగ్గర నేర్చుకున్న చెవి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోమనే ఎడమ మోకాలు, మూల పగిలిన పాత ఫోను, ఆ ఫోనులో రోజూ పొద్దున తొమ్మిది దాటాక వచ్చే ఒక పిలుపు. ఆస్తి అంటే జనం మొదటి రెండూ లెక్కేస్తారు. నేను చివరిది లెక్కేసుకునేవాణ్ణి. మిగతావన్నీ పోయినా ఎలాగో నెట్టుకొస్తాను గానీ ఆ పిలుపు లేకపోతే పొద్దు ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు.

నా భార్య మాణిక్యాంబ పోయి ఆరేళ్లయింది. మాకు పిల్లలు లేరు. బావమరిది కుటుంబం పెనుగొండలో ఉంది. పెళ్లికో గృహప్రవేశానికో వాళ్లు పిలుస్తారు, నేను చదివింపులు పంపిస్తాను, వెళ్లను. ఇరువైపులా సదుపాయంగా ఉన్న ఏర్పాటు అది.

పిలుపు నూకరత్నం గారిది. ఆవిడది గోదావరి పాయ అవతల లంక. భర్త ఉన్న రోజుల్లో సైకిలుకు సంచీ కట్టుకుని ఆయనే మచ్చుకాయలు తెచ్చి గోడౌనులో చూపించి, బేరం కుదుర్చుకుని వెళ్లేవాడు. ఆయన పోయాక తోట, అటక, బేరం అన్నీ ఆవిడ మీద పడ్డాయి. సైకిలు తొక్కడం రాదు. అందుకని ఫోనులో బేరం మొదలైంది. ఇన్నేళ్లలో నేను వాళ్ల ఇంటికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. సరుకు రేవు దాటి నా దగ్గరికి వస్తున్నప్పుడు నేను రేవు దాటి వెళ్లడం దండగ ఖర్చు.

ఆవిడ అటక మీద ఉండేది కురిడీ. తెలియనివారికి ఒక మాట చెప్పాలి. కొబ్బరికాయను పీచు తీయకుండా అటక మీద వేసి, ఏడాది దాకా కదపకుండా ఉంచుతారు. లోపల నీళ్లు ఇంకి, కొబ్బరి ఎండి, చిప్పను వదిలేసి ఉండలా తయారవుతుంది. అదే కురిడీ. ఉత్తరాది వాళ్ల పెళ్లిళ్లకూ పూజలకూ పోతుంది. కాయ ఊపితే లోపలి ఉండ చిప్పకు తగిలి గటగటమంటే తయారైనట్టు. గుళగుళమంటే నీళ్లు మిగిలినట్టు. చప్పుడే లేకపోతే కొబ్బరి ఇంకా చిప్పను వదలనట్టు, లేదా కుళ్లి అంటుకుపోయినట్టు. పగలగొట్టి చూద్దామంటే ఆ కాయ ఇక బేరానికి పనికిరాదు. అందుకని కురిడీ వర్తకమంతా చెవి మీదే నడుస్తుంది. నూకరత్నం గారు అటక ఎక్కి, ఫోను పక్కన పెట్టి, నేను చెప్పిన మూల కాయ తీసి ఊపేవారు. నేను ఇక్కడ కళ్లు మూసుకుని విని రేటు చెప్పేవాణ్ణి. ఎప్పుడూ తేడా రాలేదు.

అటక దింపేది ఏడాదికోసారే. కానీ ఆవిడ రోజూ ఫోను చేసేవారు. "ఈవేళ రేటెంతండి అన్నయ్య గారూ?" అంటారు. అమ్మేదేమీ లేకపోయినా అడుగుతారు. కొనేదేమీ లేకపోయినా నేను చెబుతాను. తరవాత వాన సంగతి, దింపు కూలీల సంగతి ఒక మాట. ఆ మాటల వెనక పిల్లల గోల. ఒకడు ఏడుస్తుంటాడు. ఇద్దరు దేనికోసమో లాక్కుంటుంటారు. ఒక చిన్న పిల్ల పాట ఎత్తుకుని సగంలో మరిచిపోతుంది. ఆవిడ మనవలనుకున్నాను. ఎవరి పిల్లలని ఎప్పుడూ అడగలేదు. వర్తకుడు అవతలివాళ్ల ఇంటి సంగతి అడిగితే బేరానికి ఆరా తీసినట్టుంటుంది. కానీ ఆ గోల వింటూ నా కాఫీ చల్లారిపోయేది. ఇంటి నిండా జనం ఉండటమంటే ఇదన్నమాట అనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా జూన్ నెలలో నా బ్యాంకు యాప్ తెరుచుకోవడం మానేసింది. ఈ ఫోనులో ఇక పనిచేయను, కొత్తది కొనుక్కో అని దాని సారాంశం. కమీషన్ ఏజెంట్లందరూ డబ్బు ఫోనులోనే వేస్తున్న రోజుల్లో అది లేకపోతే గోడౌను తలుపు మూసుకున్నట్టే. బస్సెక్కి అమలాపురం వెళ్లాను. బస్టాండ్ ఎదురుగా ఉన్న ఫోన్ల షాపు సత్యశ్రీ అనే అమ్మాయిది. తండ్రి రేడియోలు బాగుచేసిన కొట్టే అది. మనిషి మాటకారి.

"పాతది ఎక్స్ఛేంజ్‌లో వేసేద్దామా బాబాయ్ గారూ?" అని నా ఫోను తిప్పి చూసింది. "ఫోనుల్లెక్కలో ఇది తాతగారండి."

"తాతే. కానీ పని మానలేదు. రేటు చెప్పు."

"మూల పగిలిందండి."

"కొబ్బరికాయ పగిలాకేనమ్మా ప్రసాదమయ్యేది."

ఆ అమ్మాయి నవ్వి కొంత పెంచింది. నేను ఇంకొంత పెంచమన్నాను. పెంచింది. పాత ఫోనుకు అంత రాబట్టిన వాడు ఆ రోజు అమలాపురంలో ఇంకొకడు ఉండడని లోపల సంతోషించాను. వస్తువు అమ్మేటప్పుడు దాని ధర చూస్తాం. అది ఏమేం పనులు చేస్తోందో పూర్తిగా లెక్కవేసుకోం.

కొత్త ఫోను సుగుణాలన్నీ ఆ అమ్మాయి ఒక్కొక్కటే చూపించింది. ఆఖరిది చూపించేటప్పుడు తమ్ముణ్ణి బస్టాండులోకి పంపి నాకు ఫోను చేయించింది. అతను బస్సుల మధ్య నుంచి మాట్లాడుతున్నాడు. నాకు అతని గొంతు తప్ప ఏమీ వినబడలేదు. హారన్లు లేవు, కండక్టర్ల కేకలు లేవు. బస్టాండు మొత్తాన్ని ఎవరో కడిగేసినట్టుంది.

"అవతలి వాళ్ల దగ్గరున్న నాయిస్ అంతా ఇదే తీసేస్తదండి. మాట ఒక్కటే మీకు వస్తది. ఆన్‌లో ఉంచమంటారా?"

"ఉంచమ్మా. డబ్బిచ్చి కొన్నది ఆఫ్‌లో ఎందుకు?" అన్నాను.

మొదటి వారం నేను ఫోనును సరుకు తూచినట్టు తూచాను. మంచి పక్కన చాలా ఉంది. ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు వస్తుంది. అక్షరాలు పెద్దవి, కళ్లద్దాలు లేకుండా రేట్లు చదువుకోవచ్చు. లారీ నంబరు ప్లేటు ఫొటో తీస్తే బురద కింద అంకె కూడా తెలుస్తుంది. చెడు పక్కన జారుడు, బరువు, చొక్కా జేబును కిందికి లాగడం. నా వేలిముద్ర దానికి పట్టలేదు. చిన్నప్పటి నుంచీ కాయలు ఒలిచిన బొటనవేలు, గీతలు అరిగిపోయాయి. దాంతో మొహం చూపించి తెరవడం అలవాటు చేసుకున్నాను. రోజంతా నా మొహం గుర్తుపట్టి తలుపు తీసేది ఇప్పుడు అదొక్కటే అని ఒకసారి అనిపించింది గానీ, దాన్ని ఏ పక్కనా వేయలేదు.

ఇంకొకటి గమనించాను. మాటలు పొట్టివైపోయాయి. వెనకటి చప్పుళ్లు లేకపోయేసరికి, అవతలి మనిషి ఖాళీ గదిలో నిలబడి నాతో మాట్లాడుతున్నట్టుంది. రేటు అడుగుతారు, చెబుతాను, అయిపోతుంది. టైము మిగిలింది. దాన్ని మొదట మంచి పక్కనే వేశాను. మిగిలిన టైముతో ఏం చేయాలో తెలియక రెండుసార్లు గోడౌను ఊడిపించాను.

నూకరత్నం గారి పిలుపు కూడా అలాగే మారింది. పిల్లల గోల లేదు. బడులు తెరిచారు, వెళ్లి ఉంటారనుకున్నాను. రెండో రోజూ లేదు, మూడో రోజూ లేదు. ఇన్నేళ్లలో అడగని మాట ఒకరోజు నోరు జారి అడిగేశాను.

"ఇంట్లో ఎవరూ లేరామ్మా?"

"లేరండి" అన్నారు. తరవాత రేటు కూడా అడగకుండా పెట్టేశారు.

శ్రావణమాసం వచ్చింది. కురిడీకి గిరాకీ వచ్చే రోజులు. రేపు అటక దింపుదామనుకుంటున్నానని, మచ్చు వినమని ఆవిడ కబురు చెప్పారు. నేను గోడౌను షట్టరు సగం దించి కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"అటకెక్కానండి. ఏ మూల ముందు?"

"ఈశాన్యం నుంచి తియ్యమ్మా."

"ఆయ్. ఇదిగో, వినండి."

ఫోను చెవికి నొక్కుకున్నాను. ఏమీ లేదు.

"ఊపుతున్నావా?"

"ఊపుతున్నానండి."

"ఇంకోటి తియ్యి. నైరుతి మూలది."

కాసేపు ఏమీ లేదు. ఆవిడ ఆయాసం మాత్రం తేటగా వినిపించింది. మధ్యలోది తీయమన్నాను. పెంకుల కిందది తీయమన్నాను. ఒక్క కాయా పలకలేదు. నలభై ఏళ్ల వర్తకంలో అటకంతా అలా మూగపోవడం నేను వినలేదు. నా బుర్రలో వెంటనే ఒక లెక్క తయారైంది. ఈ ఏడు వానలు ఎక్కువ, ఆవిడ ఒక్కర్తీ చూసుకోలేదు, పెంకులు జరిగి అటక కారి ఉంటుంది. లెక్క పద్ధతిగా ఉంది. పద్ధతిగా ఉన్న లెక్కను అనుమానించడం కష్టం.

"నూకరత్నమ్మా, కాయ వదల్లేదు. అటక కారిందేమో చూసుకున్నావా?"

"కారటమేంటండి? గటగటమని ఇల్లదిరిపోతంటే."

"నాకు చెవులున్నాయమ్మా."

"నాకూ ఉన్నాయండి."

"అది కాదు. నీ మీద నమ్మకం లేక కాదు. కుళ్లు కాయ నా దగ్గరికి వచ్చాక మాట తేడా వస్తే ఇద్దరికీ బాగోదు. కావాలంటే రేటు కాస్త తగ్గించుకుని దింపుకుంటాను."

నా ఫోనులో నిశ్శబ్దం నూతిలోకి తొంగిచూసినట్టు ఉంది.

"రేటు కోసం చెవిటోళ్లయిపోకండి అన్నయ్య గారూ" అని పెట్టేశారు.

మర్నాడు తొమ్మిది దాటింది. ఫోను మోగలేదు. నేను చేయలేదు. బేరం చెడ్డాక ముందు ఫోను చేసినవాడే రేటు దగ్గర దిగాలి. అది మా మార్కెట్టులో పాలు తాగే పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. ఆవిడకూ తెలుసు. అందుకని ఆవిడ చేయలేదు, నేనూ చేయలేదు. నేను ఆ పట్టుదలను తెలివి అనుకుని రోజూ పొద్దున ఆ ఫోను ఎదురుగా పెట్టుకుని కాఫీ తాగాను. కాఫీ వేడిగానే అయిపోయేది.

ఆ పై వారం మార్కెట్టు ముందు టీ బడ్డీ దగ్గర పల్లంరాజు కనబడ్డాడు. నాకు పోటీ వర్తకుడు, చిన్నప్పుడు ఒకే బెంచీ. వెనక ట్రాక్టరు నిండా కాయలు.

"ఏరా శివరామకృష్ణా, చెవి పోయిందటగా?" అన్నాడు. "లంకావిడ చెప్పింది. డాక్టరు దగ్గరికెళ్లరా. కాకినాడలో మంచోళ్లున్నారు."

"ఏ లంకావిడ?"

"నీ లంకావిడే. అటకంతా నేను దింపాను. ఇదిగో చూడు." ట్రాక్టరు మీద నుంచి ఒక కాయ తీసి నా చెవి పక్కన ఊపాడు.

గటగట.

అంత బాగా ఎండిన కాయ ఆ ఏడు మార్కెట్టుకి రాలేదు. ఉండ పెద్దది, చిప్పను అన్ని వైపులా వదిలేసింది, లోపల చుక్క తడి లేదు. చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"ఇంకోటి ఊపు."

"ఎందుకురా, ఏడవటానికా?"

ఊపాడు. అదీ అంతే. అప్పుడు నాకు అమలాపురం బస్టాండు గుర్తొచ్చింది.

"ఒరేయ్, ఆ రోడ్డవతలికెళ్లి నాకు ఫోను చెయ్యి. మాట్లాడుతూ కాయ ఊపు."

"నీకు చెవే పోయిందనుకున్నాను."

"వెళ్లరా బాబూ."

వాడు నవ్వుకుంటూ వెళ్లి, రోడ్డు అవతల ఎరువుల కొట్టు మెట్లెక్కి ఫోను చేశాడు. కుడి చేత్తో కాయ ఊపడం నాకు కనబడుతోంది. నా ఎడమ చెవికి రోడ్డు మీదుగా సన్నగా గటగట వినబడుతోంది. ఫోను పెట్టుకున్న కుడి చెవిలో పల్లంరాజు గొంతు ఒక్కటే ఉంది. "వినబడతందా? ఒరేయ్, వినబడతందా?" కాయ లేదు. అసలు ఆ కాయ ప్రపంచంలో లేనట్టే ఉంది.

టీ డబ్బులు వాడివి కూడా నేనే ఇచ్చి బస్సెక్కాను.

సత్యశ్రీకి సంగతి చెబితే ముందు నమ్మలేదు. తరవాత తల పట్టుకుంది.

"మాట తప్ప మిగతాదంతా దానికి నాయిసేనండి బాబాయ్ గారూ."

"అది నాయిస్ కాదమ్మా. అది సరుకు."

"దానికేం తెలుస్తదండి పాపం."

"నాకు తెలుసు. నేనడగలేదు, నాది తప్పు. నా పాతది ఇచ్చెయ్యి. ఇచ్చిన దానికి పైన వేసి ఇస్తాను."

"అది పోయిన వారమే లాట్లో హైదరాబాదు వెళ్లిపోయిందండి. ఆఫ్ చేసేస్తాను, ఇలా ఇవ్వండి."

ఏదో రెండు చోట్ల నొక్కి ఇచ్చింది. ఆ అమ్మాయి తమ్ముడు మళ్లీ బస్టాండులోకి వెళ్లి ఫోను చేశాడు. ఈసారి బస్సులు, హారన్లు, జామకాయలమ్మే మనిషి కేక, అన్నీ ఒక్కసారి చెవిలో పడ్డాయి. అతను ఏం మాట్లాడాడో తెలియలేదు. నాకు కావలసింది అదే.

ఆ సాయంత్రం నేనే నూకరత్నం గారికి ఫోను చేశాను. బేరంలో దిగడానికి ఇక రేటంటూ లేదు.

"చెప్పండి" అన్నారు. చివర ‘అన్నయ్య గారూ’ లేదు.

ఫోను తప్పని చెప్పాను. మనిషి మాట ఉంచి మిగతాది తీసేసిందని చెప్పాను. చెబుతుంటే నాకే అది అబద్ధంలా వినిపించింది.

"మాట వినబడి చప్పుడు వినబడకపోవడం ఏంటండి?"

"అదేనమ్మా దాని గొప్ప."

"అలాగేనండి. కాయలిచ్చేశాను కదండి. ఇప్పుడవన్నీ ఎందుకు?"

ఆవిడ గొంతు వెనక పంకా తిరుగుతోంది. దూరంగా ఒక కాకి అరుస్తోంది. అంటే ఫోను బాగానే ఉంది. కానీ పిల్లలు లేరు. సాయంత్రం కదా అనుకుని మర్నాడు తొమ్మిది దాటాక మళ్లీ చేశాను. పంకా ఉంది, బిందె చప్పుడు ఉంది. పిల్లలు లేరు. ఈ ఫోను ఇంకా ఏదో మింగుతోందని నాకు గట్టిగా అనిపించింది. "ఉంటానండి" అని ఆవిడ పెట్టేశారు. ఆ ముక్కలో ఇక చేయవద్దనే మాట కూడా ఉంది.

ఆ పై రోజు మోకాలికి పట్టీ కట్టుకుని రేవుకి వెళ్లాను. పాయ దాటించే పంటు మీద రెండు మోటారు సైకిళ్లు, ఒక గేదె, నేను. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. కొన్న సరుకు లేదు, కొనే సరుకు లేదు. అలా చేతులూపుకుంటూ ఒక పల్లెకి వెళ్లడం నా జన్మలో అదే మొదలు. ఎవరైనా ఏం పని మీద వచ్చారని అడిగితే ఏం చెప్పాలో పంటు దిగేదాకా ఆలోచించాను. ఎవరూ అడగలేదు.

పెంకుటిల్లు. ముందు పొడుగాటి వరండా. నేను మనసులో కట్టుకున్న ఇల్లు దీనికి రెండింతలు ఉంటుంది, దాని నిండా జనం ఉంటారు. ఇక్కడ వరండా చివర ఒక నులకమంచం, దాని మీద ఆరబెట్టిన చింతపండు. వరండా గోడ మీద నా నడుము ఎత్తులో రంగులతో అక్షరాలు రాసి ఉన్నాయి. పక్కన మామిడిపండు, ఏనుగు, పడవ. రంగు చిన్న చేతులు తగిలిన చోట్ల అరిగి ఉంది.

నూకరత్నం గారు బయటికి వచ్చి నన్ను చూసి కొంగు సర్దుకున్నారు. ఆవిడ నేను అనుకున్నదానికంటే పొడగరి.

"నేనమ్మా. శివరామకృష్ణని."

"గొంతు తెలుస్తందండి. ఇంత దూరం రావాలా? కూర్చోండి."

కుర్చీ తెచ్చి వేశారు. మంచినీళ్లు తెచ్చారు. నేను గోడ వంక చూస్తున్నాను.

"పిల్లలేరమ్మా? మీ మనవలు?"

"మనవలేంటండి?" ఆవిడ నిజంగానే తెల్లబోయారు. "నాకు పిల్లల్లేరు కదండి. ఇక్కడ అంగన్‌వాడీ ఉండేది. వరండా అద్దెకిచ్చాను. కొత్త బిల్డింగు కట్టారు కదండి అటు చివర, జూన్‌లో అందరూ అక్కడికెళ్లిపోయారు."

నేను నీళ్లు తాగాను.

"మీకు తెలుసనుకున్నానండి" అన్నారు ఆవిడ. "ఆయనున్నప్పటి నుంచీ బేరం కదా. అయినా ఆ రోజు మీరడిగారు కదండి, ఇంట్లో ఎవరూ లేరా అని. వాళ్లెళ్లిన నాలుగో రోజది. ఈ ఊళ్లో ఒక్కరూ అడగలేదండి ఆ మాట. ఎక్కడో కూర్చుని మీరు అడిగారు. ఏడుస్తానేమోనని పెట్టేశాను. అందుకేనండి ఆ కాయల దగ్గర అంత కోపమొచ్చింది. ఎవరో అంటే పోనీలే అనుకుందును."

నేను చెప్పవలసిన మాట నా నాలిక మీదే ఉంది. పిల్లలు వెళ్లారని నేను కనిపెట్టలేదమ్మా, ఆ ఫోనులో ఎవరి పిల్లలూ వినబడరు, వాళ్లు ఇక్కడే ఉన్నా నేను అదే అడిగేవాణ్ణి అని. నిజాయితీగా తూస్తే ఆ మాట ఖరీదు నాది కాదు, యంత్రానిది. చెబుదామని ఆవిడ మొహం చూశాను. చెప్పలేదు. సరుకు ఇవ్వకుండా డబ్బు పుచ్చుకున్నది నా వర్తకంలో అదొక్కసారే.

బదులుగా ఫోను తీసి ఆ గుణం మళ్లీ ఆన్ చేయడానికి ప్రయత్నించాను. ఆవిడకు చూపించాలని. సత్యశ్రీ ఎక్కడ నొక్కిందో కాసేపటికి దొరికింది. ఆవిడను వంటింట్లోకి వెళ్లి ఫోను చేసి ఏదైనా ఊపమన్నాను. నేను పెరట్లో కొబ్బరి చెట్ల చివరిదాకా నడిచాను. నాకు ఆవిడ గొంతే వచ్చింది. తరవాత నా ఫోను ఆవిడ చేతికిచ్చి, ఆవిడ ఫోను పట్టుకుని నేను వంటింట్లో నిలబడి కందిపప్పు డబ్బా ఊపాను. ఆవిడ చెట్ల మధ్య ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డారు.

"వినబడుతోందామ్మా?"

"మీరే వినబడతన్నారండి. డబ్బా లేదు. ఊపుతున్నారా?"

"ఊపుతున్నాను. చెయ్యి నొప్పెడుతోంది."

ఆవిడ నవ్వారు. ఆ నవ్వు మాత్రం ఫోను తీసేయలేదు.

కాఫీ తాగాక అసలు సంగతి ఆవిడే ఎత్తారు. అటక పై ఏటికి కూడా పల్లంరాజుకే మాటిచ్చేశారట. బయానా పుచ్చుకున్నారట. చెబుతూ నేల చూశారు.

"మాటిచ్చేశాక తప్పేదేముందండి."

"తప్పకూడదమ్మా" అన్నాను. వెనక్కి తీసుకోమని అడగలేదు. మాట తప్పి నాకిచ్చే అటక రేపు ఇంకొకరికీ అలాగే వెళ్తుంది. అది మాట్లాడింది వర్తకుడు. మిగతా మనిషి కుర్చీలోంచి లేవడానికి మోకాలు వంక పెట్టుకుని ఇంకాసేపు కూర్చున్నాడు.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "రేటు పల్లంరాజు గారు చెబుతారు లెండి, మీకు రోజూ శ్రమ ఎందుకు" అన్నారు. మర్యాదకే అన్నారు. ఇన్నేళ్లూ ఆ పిలుపును నిలబెట్టిన ఒక్క గుంజా ఆ రేటే.

ఇది జరిగి రెండు నెలలైంది. దసరా లారీలు వెళ్లిపోయాయి. లెక్క తేల్చుకోవలసిన వేళ.

పోయినవి: ఈ ఏటి అటక, పై ఏటి అటక, అటువైపు నుంచి వచ్చే పిలుపు. పల్లంరాజు ముందు కొంత పరువు; అది వాడూ రోజూ వాడుకుంటున్నాడు, నాకూ ఇబ్బంది లేదు. పాత ఫోను.

వచ్చినవి: బ్యాంకు తెరుచుకుంటోంది. అక్షరాలు కనబడుతున్నాయి. చార్జింగ్ రెండు రోజులు నిలుస్తోంది. ఇప్పుడు పొద్దున తొమ్మిది దాటాక నేనే ఫోను చేస్తాను. అన్నిరోజులూ కాదు, మధ్యలో ఒకరోజు వదిలేస్తాను, బాగుండదని. ఆవిడ ఎత్తుతారు. మా ఇద్దరి మధ్యా అమ్మేదీ కొనేదీ ఏమీ లేదు గనక ఏం మాట్లాడాలో తెలియదు. "ఏం వండారమ్మా?" అంటాను. "ఆనపకాయండి. మీరు?" అంటారు. మెస్సు క్యారేజీలో ఏముంటే అది చెబుతాను. తరవాత మాట దొరకదు. అటు పంకా, ఇటు మా కూలీలు కాయ ఒలిచే చప్పుడు. ఇద్దరం అవి కాసేపు వింటాం. "ఉంటానండి అన్నయ్య గారూ" అని ఆవిడ పెట్టేస్తారు. అంతా కలిపి నిమిషం దాటదు.

ఆ నిమిషం నాకు న్యాయంగా వచ్చింది కాదని నాకు తెలుసు. ఖర్చులు పోను మిగిలింది అదే. వచ్చిన పక్కన వేసుకున్నాను.